సంగీత నాటకాన్ని ఫొటో తీయడం: వెలుతురు, పద్యం, పిల్లలు
(తిరుపతిలో రంగస్థల, ఫొటోగ్రఫీ విద్యార్థుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు ముందుకు రండి. కెమెరాలు తెచ్చినవాళ్లు సంచుల్లోంచి తీసి చేతిలో పెట్టుకోండి, మధ్యలో కొన్ని సెట్టింగులు అప్పటికప్పుడే మార్చుకుందురుగాని.

కాలేజీ వార్షికోత్సవానికో, యువజనోత్సవానికో మన పిల్లలు పద్యనాటకం కడతారు. లేదంటే పాటలు, డాన్సులు, మాటలు కలిపి సంగీత నాటకం వేస్తారు. మహతి ఆడిటోరియం దొరకొచ్చు, అన్నమాచార్య కళామందిరం దొరకొచ్చు, చిత్తూరులో అయితే నాగయ్య కళాక్షేత్రం. ఏదీ దొరక్కపోతే కాలేజీ గ్రౌండులో షామియానా. ఫొటోలకు మాత్రం అన్నిచోట్లా ఒకే పద్ధతి: తెలిసిన పెళ్లి ఫొటోగ్రాఫర్‌ను పిలుస్తారు. ఆయన పనితనానికి నేను వంక పెట్టను. కానీ పెళ్లిలో లైటు ఆయనదే, "ఇటు చూడండి" అంటే పెళ్లికొడుకు చూస్తాడు, తాళి కట్టడం సరిగా పడకపోతే ఇంకోసారి చెయ్యి మెడ దగ్గర పెట్టించి తీస్తాడు. నాటకంలో లైటు ఆపరేటర్ చేతిలో ఉంటుంది, కదలిక దర్శకుడి చేతిలో, సమయం హార్మోనిస్టు చేతిలో. మనకు మిగిలేది ఏది ఎప్పుడు వస్తుందో ముందే తెలుసుకుని ఉండటం ఒక్కటే. అందుకని లెన్సుల కన్నా ముందు స్క్రిప్టు సంగతి మాట్లాడతాను.

దర్శకుడి దగ్గర స్క్రిప్టు జిరాక్సు తీసుకోండి. మొదటిసారి రిహార్సల్‌కు కెమెరా లేకుండా వెళ్లండి, పెన్సిల్ చాలు. ప్రతి సీనుకూ పక్కన మూడు విషయాలు రాసుకోవాలి: ఎవరు ఏ పక్క నుంచి వస్తారు, పాట లేదా పద్యం ఎక్కడ ముగుస్తుంది, లైటు ఎక్కడ మారుతుంది. మూడోది నటులను అడిగితే తెలియదు, లైటింగ్ ఆపరేటర్‌నే అడగాలి. ఎర్ర లైటు ఒక్కటే వేసే సీను ఏది, పొగ ఎప్పుడు వదులుతారు, ఫాలో స్పాట్ (నటుడి వెంట కదిలే గుండ్రటి లైటు) ఉందా, పాట చివర ఒక్కసారిగా చీకటి చేస్తారా, మెల్లగా తగ్గిస్తారా. చాలా కాలేజీల్లో లైట్లు అద్దెకు వస్తాయి, అదీ నాటకం రోజు మధ్యాహ్నానికి. అప్పుడు రిహార్సల్‌లో చూసిన ట్యూబులైటుకూ రాత్రి స్టేజీకీ సంబంధం ఉండదు. కాబట్టి ఫుల్ డ్రెస్ రిహార్సల్ లైట్లతో జరుగుతుందా లేదా అన్నది మొదటి రోజే కనుక్కోండి. జరిగితే సగం పైగా మంచి ఫొటోలు ఆ రోజే తీసేసుకోవచ్చు. హాలు ఖాళీ, ఎక్కడైనా నిలబడొచ్చు, వరుసల మధ్య నడవొచ్చు, ఎవరి తలా అడ్డం రాదు. జరగకపోతే లైట్లు కట్టేటప్పుడు ఒక గంట ముందు వెళ్లి, ఒక కుర్రాడిని స్టేజీ మధ్యలో నిలబెట్టి కొలతలు తీసుకోండి.

ఇప్పుడు పద్యం. పద్యనాటకాన్ని తీయడంలో ఎక్కువ ఫొటోలు పాడయ్యేది నోరు దగ్గర. నటుడు నాలుగో పాదం చివర రాగం తీస్తాడు, దవడ పూర్తిగా కిందికి దిగుతుంది, కళ్లు మూసుకుపోతాయి, మెడ నరాలు తేలతాయి. చెవికి అది అద్భుతమే. ముందు వరుసలో కూర్చుని కింది నుంచి తీస్తే మాత్రం పళ్లూ అంగిలీ తప్ప ఇంకేమీ కనిపించవు. ఆ రాగాన్ని పక్క నుంచి తీయండి, ముఖం ముప్పావు వంతు కనిపించే కోణంలో. అప్పుడు తెరిచిన నోరు కూడా పాడుతున్నట్టే కనిపిస్తుంది. ఎదురుగా తీయాలంటే పద్యం ఎత్తుకునే క్షణం మంచిది. గాలి పీల్చుకుని, చెయ్యి లేచి, చూపు ఎదుటి పాత్ర మీద నిలిచి ఉంటుంది. చెయ్యి మాట కన్నా కొంచెం ముందే లేస్తుందని గమనించండి. మాట విని బటన్ నొక్కితే చెయ్యి దిగిపోతూ ఉంటుంది. ఇంకో చోటు, రాగం ఆపిన వెంటనే నోరు మూసుకుని ఎదుటివాడిని చూసే ఒకటి రెండు సెకన్లు. చప్పట్లు మొదలయ్యేది అప్పుడే, చాలామంది ఫొటోగ్రాఫర్లు కెమెరా దించేది కూడా అప్పుడే. దించకండి. అక్షరాలను బట్టి కూడా ఎంచుకోవచ్చు: మ, ప, బ దగ్గర పెదవులు కలుస్తాయి, ఇ, ఏ దగ్గర ముఖం విప్పారుతుంది.

పద్యనాటకం మనకు ఇచ్చే వరం ఒకటుంది, వన్స్ మోర్. జనం అలా అరిస్తే నటుడు అదే పద్యాన్ని మళ్లీ పాడతాడు. కాలేజీ నాటకంలో స్నేహితులు కావాలని అరుస్తారు కాబట్టి ఇంకా ఎక్కువ. పద్యం రెండోసారి వస్తుందని తెలిసినప్పుడు మొదటిసారి తీసిన ఫొటోనే మళ్లీ తీయకండి. మొదట పాడేవాడి ముఖం, రెండోసారి వింటున్నవాడి ముఖం. లేదా వెడల్పుగా, పాడేవాడూ సభా అంతా.

డాన్సు ఉన్న పాటల్లో జతి (అడుగులకు పలికే తాళపు మాటల వరుస) చివర ముక్తాయింపు, అంటే ముగింపు ముక్క, సాధారణంగా మూడుసార్లు తిరిగి వస్తుంది, మూడోదాని చివరి దెబ్బ మీద భంగిమ నిలుస్తుంది. రిహార్సల్‌లో ఆ లెక్క వేసుకుంటే రాత్రి కళ్లు మూసుకుని కూడా తీయొచ్చు. మొదటి రెండింటిలో ఫ్రేము సరిచేసుకోండి, మూడోదానికి దెబ్బ పడే ముందే షట్టర్ సగం నొక్కి ఉంచండి. ఆ నిలిచిన భంగిమకు షట్టర్ వేగం 1/125, అంటే సెకనులో 125వ వంతు, సరిపోతుంది. కదులుతున్న అడుగుకు 1/400, 1/500 కావాలి. నిలబడి పద్యం చదివే నటుడికి 1/200. డాన్సుకు పెట్టిన 1/500 మీదే రెండు గంటలూ ఉంచేసి, నిదానమైన సీనుల్లో కూడా ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ సున్నితత్వం) 8000 దాకా తోసేవాళ్లను చూస్తుంటాం. అవసరం లేని గరుకు అది.

వెలుతురు సంగతికి వద్దాం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఫొటోలు పోయేది ఎక్కువగా ఇక్కడే.

మొదటిది నల్ల తెర. వెనక నల్ల తెర ఉంటే కెమెరా సగటు కొలత ఆ నలుపంతా చూసి చీకటి అనుకుంటుంది, ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది, ముఖం సున్నం కొట్టినట్టు అవుతుంది. తేడా ఒకటిన్నర, రెండు స్టాపులు కూడా ఉంటుంది (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం). అందుకే మాన్యువల్ మోడ్. చిన్న చోటును మాత్రమే కొలిచే స్పాట్ మీటర్‌తో ముఖం మీద కొలవండి. మామూలు చామనఛాయ ముఖమైతే మీటరు సున్నా దగ్గరే ఉంచొచ్చు, పాన్‌కేక్ దట్టంగా వేసిన ముఖమైతే సున్నాకు పైన మూడింట రెండు వంతుల స్టాపు. మొదలుపెట్టడానికి ఒక లెక్క ఇస్తాను: లెన్సు రంధ్రం ఎఫ్ 2.8, షట్టర్ 1/250, ఐఎస్‌ఓ 3200. మామూలుగా వెలిగిన కాలేజీ స్టేజీ దీనికి ఒక స్టాపు అటూ ఇటూగా ఉంటుంది. ఫాలో స్పాట్ పడితే ముఖం రెండు స్టాపులు పైకి పోవచ్చు, అప్పుడు ఐఎస్‌ఓ 800. చాలా కెమెరాల మీద మన సెట్టింగులు దాచుకునే సి1, సి2, సి3 లాంటి గుర్తులుంటాయి కదా, ఒకదాంట్లో మామూలు స్టేజీ, ఒకదాంట్లో ఫాలో స్పాట్, మూడోదాంట్లో చివర అందరూ నమస్కారం పెట్టేటప్పుడు వేసే పూర్తి లైటు భద్రపరుచుకోండి. చీకట్లో డయల్ ఒక్క మెట్టు తిప్పితే చాలు.

కిరీటం, భుజకీర్తులు, జరీ. అద్దం ముక్కలు, చమ్కీలు లైటును నేరుగా లెన్సులోకి కొడతాయి. అవి తెల్లగా కాలిపోతే కాలిపోనివ్వండి, వాటిని కాపాడబోయి ముఖాన్ని చీకటి చేయకండి. కాలిపోయిన చోట కెమెరా చూపే హెచ్చరిక గీతలు కిరీటం మీద మెరిస్తే ఫరవాలేదు, నుదుటి మీద మెరవకూడదు.

రెండోది రంగులు. పాత పార్ క్యాన్ల (డబ్బా ఆకారపు స్టేజీ లైట్ల) హాలోజన్ లైటు దాదాపు 3200 కెల్విన్, డిమ్మర్‌తో తగ్గించేకొద్దీ ఇంకా ఎర్రబడుతుంది. ఇప్పుడు అద్దెకు వచ్చేవి ఎక్కువగా ఎల్‌ఈడీ పార్‌లు. వాటి నీలం మామూలు నీలం కాదు, చాలా సన్నటి పట్టీలో ఉండే రంగు. కెమెరా సెన్సర్‌లో నీలం భాగం ఒక్కటే దాన్ని పట్టుకుంటుంది, మిగతా రెండూ ఖాళీ. మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి, వెలుతురు ఎంతెంతో చూపే గ్రాఫు) చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది, ఇంటికెళ్లి తెరిస్తే ముక్కూ చెంపా తేడా లేకుండా ముఖమంతా ఒకే నీలం ముద్ద. మూడు రంగుల హిస్టోగ్రామ్ విడివిడిగా చూపించే అమరిక పెట్టుకోండి. ఎర్ర సీను, నీలి సీను వస్తే స్టాపు నుంచి స్టాపున్నర తగ్గించి తీయండి. రా ఫైలు (సెన్సర్ పట్టుకున్నదంతా దాచే ఫైలు) తప్పనిసరి, జేపెగ్‌లో ఆ ముద్దను విడదీయలేం.

మేకప్ సంగతి ఇందులోనే వస్తుంది. కృష్ణుడికి నీలం పూస్తారు. ఆ నీలం మీద ఎర్ర లైటు పడితే కృష్ణుడు నల్లగా మారిపోతాడు. అలాగే ద్రౌపది ఎర్ర చీర నీలి లైటులో నల్లచీర అవుతుంది. ఇది కెమెరా తప్పు కాదు, లేని రంగును వస్తువు తిరిగి పంపలేదు. చెయ్యగలిగింది ఒక్కటే, డ్రెస్ రిహార్సల్ రోజు ఆ ఫొటో తీసి దర్శకుడికీ ఆపరేటర్‌కూ స్క్రీను మీద చూపించండి. ముందు నుంచి అంబర్ (తేనె రంగు) లైటు 20, 30 శాతం కలిపితే ముఖం తిరిగి వస్తుంది, సీను రంగు కూడా చెడదు. మాటల్లో చెబితే ఎవరూ వినరు, ఫొటో చూపిస్తే వింటారు.

వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలేయకండి. ఆటోలో పెడితే ఒకే పాటలో పది ఫొటోలు పది రంగుల్లో వస్తాయి. హాలోజన్ ఎక్కువగా ఉంటే 3200, తెల్ల ఎల్‌ఈడీ ముందు లైటయితే 5000 దగ్గర స్థిరంగా పెట్టండి, తర్వాత ఎడిటింగ్‌లో సీను మొత్తానికీ ఒకేసారి సరిచేసుకోవచ్చు.

మూడోది చారలు. ఈ మధ్య ఎక్కువమంది అడిగేది ఇదే. సైలెంట్ షట్టర్, అంటే ఎలక్ట్రానిక్ షట్టర్, పెట్టి తీస్తే ఫొటోలో అడ్డంగా నల్లచారలు వస్తున్నాయి అంటారు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు, కాబట్టి చోక్ ఉన్న ట్యూబులైటు సెకనుకు 100 సార్లు పెరిగి తరుగుతుంది. దానికి 1/100 లేదా 1/50 షట్టర్ పెడితే సరిపోతుంది, కెమెరాలోని యాంటీ ఫ్లికర్ (లైటు మినుకును కనిపెట్టి సరైన క్షణంలో తీసే అమరిక) కూడా పనిచేస్తుంది. ఎల్‌ఈడీ పార్‌ల కథ వేరు. చాలా వాటిలో వెలుతురు తగ్గించడమంటే కాంతిని తగ్గించడం కాదు, చాలా వేగంగా ఆర్పి వెలిగించడం. ఎంత తగ్గిస్తే ఆరి ఉండే సమయం అంత ఎక్కువ. అందుకే లైటు నిండుగా ఉన్నప్పుడు రాని చార, డిమ్ చేసిన విషాద సీనులో వస్తుంది. మామూలు కెమెరాలో ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సర్‌ను పైనుంచి కిందికి వరుసగా చదువుతుంది, దానికి సెకనులో పదిహేనో వంతో, నలభయ్యో వంతో పడుతుంది. ఆ లోపల లైటు ఎన్నోసార్లు ఆరి వెలుగుతుంది, ప్రతిసారీ ఒక చార. కాబట్టి మెకానికల్ షట్టర్‌కు మారండి, 1/250 కన్నా నెమ్మదిగా ఉంచండి. అప్పటికీ చార కనిపిస్తే 1/160, 1/125 అని దిగుతూ వెళ్లండి. మామూలు యాంటీ ఫ్లికర్ ఈ ఎల్‌ఈడీకి పనిచేయదని గుర్తుంచుకోండి. కొత్త మోడళ్లు కొన్నిటిలో షట్టర్‌ను చాలా చిన్న మెట్లలో మార్చే అమరిక ఉంటుంది, ఉంటే వాడండి.

మరి మెకానికల్ షట్టర్ చప్పుడు? పాటలో, తబలా నడుస్తున్నప్పుడు ఎవరికీ వినపడదు. మాటల సీనులో, ముఖ్యంగా నిశ్శబ్దంలో, ఒక్కొక్కటి మాత్రమే తీయండి. గంట పాటు టకటకమని బరస్టు కొట్టేవాడిని పక్కవాళ్లు శపిస్తారు, అందులో తప్పేమీ లేదు.

ఎల్‌ఈడీ తెర వెనక పెట్టడం ఇప్పుడు ఫ్యాషన్ అయింది. కోట, అడవి, సభ అన్నీ దాని మీదే. సురభి నాటకాలు 1885లో మొదలైనప్పటి నుంచీ రంగుల తెరలతో చేస్తున్న పనిని మనవాళ్లు కరెంటుతో చేస్తున్నారు. గీసిన తెర మీద లైటు పడితేనే వెలుగుతుంది, ఎల్‌ఈడీ తెర దానంతట అదే వెలుగుతుంది, ముందున్న నటుడు నల్ల బొమ్మ అయిపోతాడు. దాని ప్రకాశం 20, 30 శాతానికి తగ్గించమని అడగండి. నటులు తెరకు పది అడుగులు ముందు ఉంటే మంచిది, తెర మీది చుక్కలు మసకబారి ఫొటోలో అలల గీతలు రావు.

ఎక్కడ కూర్చోవాలి. స్టేజీ మామూలుగా మూడు నాలుగు అడుగుల ఎత్తు. మొదటి వరుసలో కూర్చుంటే పాదాలు స్టేజీ అంచుకు తెగిపోతాయి, గజ్జెలు కనపడని డాన్సు ఫొటో దేనికి? వాలుగా ఉన్న హాల్లో ఆరో వరుస నుంచి ఎనిమిదో వరుస మధ్య, నడకదారి పక్క సీటు. అక్కడ మన కన్ను నటుడి నడుము, ఛాతీ ఎత్తుకు వస్తుంది. స్టాండు మైకులు వాడే నాటకమైతే ఎదురుగా కూర్చుంటే మైకు గడ్డాన్ని మింగేస్తుంది, పక్కకు జరగండి. వాద్యబృందం సైడ్ వింగులో కూర్చుంటే మీరూ అదే పక్క ఉండండి. ఎదురు పక్క నుంచి తీస్తే దుర్యోధనుడి వెనక వాటర్ బాటిలు పట్టుకున్న తబలా ఆయన కనిపిస్తాడు.

లెన్సు ఎంత కావాలో ఊహించక్కర్లేదు, చిన్న లెక్కుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు (సెన్సర్ వెడల్పు 36 మి.మీ.) 36ను అడుగుల్లో దూరంతో గుణించి లెన్సు మిల్లీమీటర్లతో భాగించండి, ఎన్ని అడుగుల వెడల్పు పడుతుందో వస్తుంది. నలభై అడుగుల దూరంలో 200 మి.మీ. లెన్సుకు 7.2 అడుగులు. కెమెరా నిలువుగా తిప్పితే అదే ఎత్తు, అంటే కిరీటంతో సహా ఒక నిలువెత్తు నటుడు సరిగ్గా పడతాడు. 70కి ఇరవై అడుగులు దాటి, అంటే అరడజను మంది. 24కి అరవై అడుగులు, స్టేజీ అంతా, ఇంకా కొంచెం హాలు కూడా. చిన్న సెన్సర్ కెమెరాకు 36 బదులు 23.5 వేసుకోండి. డబ్బు తక్కువ ఉన్నవాళ్లు ఎఫ్ 1.8 ఉన్న 85 తీసుకుని నాలుగో వరుసకు రండి, జూమ్ కొనలేకపోయామని బాధ పడక్కర్లేదు.

ఫోకస్‌కు కన్ను గుర్తించే పద్ధతిని పూర్తిగా నమ్మకండి. పెట్టుడు గడ్డం, కిరీటం, దట్టమైన రంగు ఉన్న ముఖాల్లో అది తడబడుతుంది, పొగలో చాలాసార్లు పనిచేయదు. ఒకే ఫోకస్ పాయింటు, దాన్ని కనుబొమ మీద పెట్టండి, అంచు స్పష్టంగా ఉంటుంది కాబట్టి తొందరగా పట్టుకుంటుంది. ఫోకస్ కోసం కెమెరా వెలిగించే ఎర్రటి చిన్న దీపాన్ని మెనూలోకి వెళ్లి ఇప్పుడే ఆపేయండి. బీప్ ఆపండి, తీసిన ఫొటో స్క్రీను మీద కనిపించడం ఆపండి. ఫ్లాష్ సంగతి నేను చెప్పక్కర్లేదు, అది వెలిగితే లైటింగ్ ఆపరేటర్ శ్రమ అంతా ఒక్క క్షణంలో పోతుంది, నటుడి కళ్లూ బైర్లు కమ్ముతాయి.

సాధన ఎక్కడ చేయాలని అడిగితే నేను చెప్పే చోటు మన పల్లెలు. చిత్తూరు వైపు ధర్మరాజు గుళ్ల దగ్గర భారతం ఉత్సవాలు జరిగేటప్పుడు పగలు హరికథ, రాత్రి నాటకం ఉంటుంది. అక్కడ లైటు ఎలా ఉంటే అలా తీయాల్సిందే. ఊరి పెద్దలను ఒక మాట అడిగి, ఒక పక్కన కూర్చుని తీయండి. అది చేసినవాళ్లకు ఆడిటోరియం చాలా తేలిక.

ఇది విద్యార్థుల నాటకం అన్న సంగతి మరిచిపోవద్దు. నలభై మంది పనిచేస్తే కృష్ణుడివి మూడు వందల ఫొటోలూ, చెలికత్తెల వరుసలో చివరి అమ్మాయివి సున్నా వస్తాయి. పాత్రధారుల పట్టిక జేబులో పెట్టుకుని విరామంలో టిక్కులు పెట్టండి. ఒక్కొక్కరికీ కనీసం రెండు మంచి ఫొటోలు. టిక్కు పడనివాళ్లు రెండో సగంలో ఏ సీనులో వస్తారో స్క్రిప్టులో చూసుకుని అప్పుడు లెన్సు వాళ్ల మీదే ఉంచండి. తెర లాగే కుర్రాడు, ప్రాంప్టర్, మేకప్ ఆయన కూడా పట్టికలో ఉండాలి. గ్రీన్‌రూమ్‌లో మేకప్ వేస్తున్నప్పుడు తీయొచ్చు, బట్టలు మార్చుకునే గదివైపు కెమెరా తిరగకూడదు. పద్దెనిమిది నిండని పిల్లలుంటే ఫొటోలు బయట పెట్టే ముందు తల్లిదండ్రుల అనుమతి కాలేజీ ద్వారా రాతపూర్వకంగా తీసుకోండి.

నాటకం అయ్యాక పదిహేను నిమిషాలు ఫొటోల కోసం అడగండి. అప్పుడు సీనులను వెనక నుంచి ముందుకు తీయాలి. అందరూ చివరి సీను వేషంలో ఉంటారు కదా, దాంతో మొదలుపెట్టి మొదటి సీనుకు వస్తే వేషం మార్పులు తగ్గుతాయి. మొదటి సీనుతో మొదలుపెట్టిన చోట సగం మంది మీసాలు తీసేసి ఇంటికెళ్లిపోతారు. ఇక్కడ కూడా "పోజివ్వండి" అనకండి, "ఆ పద్యం రెండో పాదం ఎత్తుకోండి" అనండి, ఒళ్లు దానంతట అదే సరైన చోటుకు వస్తుంది. గ్రూపు ఫొటోకు రంగు లైట్లన్నీ ఆర్పించి తెల్లవి నిండుగా వేయించండి, మూడు వరుసలైతే ఎఫ్ 5.6 కన్నా తెరవకండి.

ఎడిటింగ్ గురించి రెండే మాటలు. రాత్రి సీను నీలాన్ని పూర్తిగా తీసేసి పగలు చేయకండి, ముఖం తెలిసేంత తగ్గిస్తే చాలు. ఫైలు పేరులో సీను సంఖ్య ముందు పెట్టండి, ఐదేళ్ల తర్వాత కూడా దొరుకుతాయి. 24 మెగాపిక్సెల్ ఫొటో 12 బై 18 అంగుళాల ప్రింటుకు నిండుగా సరిపోతుంది.

ఎవరో చెయ్యెత్తారు... కెమెరా లేదు, ఫోనే ఉంది, ఏం చేయాలి అంటున్నారు. ఫోనుతో తీయొచ్చమ్మా, కానీ దగ్గరకు రావాలి. రెండో మూడో వరుసలో, పక్కన. ముఖం మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ అవుతాయి, తర్వాత వేలు కిందికి జరిపి ముఖంలో గీతలు కనిపించేదాకా చీకటి చెయ్యి. వేళ్లతో సాగదీసే జూమ్ వద్దు, ఫోనులో ఉన్న రెండో లెన్సు దాకానే. నైట్ మోడ్ ఆపెయ్యి, అది చాలాసేపు తీసుకుంటుంది, కదిలే మనిషి చెదిరిపోతాడు. వీడియో అయితే సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ మార్చే వీలుంటే 1/50. స్క్రీను వెలుతురు పూర్తిగా తగ్గించుకో, వెనక వరుసలో వాళ్లకు నీ ఫోనే కనిపించకూడదు.